ఎస్తెవెల్ గ్రామమున నిదురించు వైమానికుడు: ఇంద్రలాల్ రాయ్

ఫ్రాన్సుదేశపు ఉత్తరభాగమున, లీల్ నగరమునకును లాన్స్ పట్టణమునకును నడుమ, బొగ్గుగనుల ప్రాంతములో ఎస్తెవెల్ అను చిన్న గ్రామము కలదు. యాత్రికులు పనిగట్టుకొని పోయి చూచునట్టి ఊరు కాదది. ఆ యూరి సమాధిస్థలములో, గ్రామస్థుల సమాధుల చెంత, ఒక పరదేశీయుని సమాధి యున్నది. దానిపై ఫ్రెంచిభాషలో కొన్ని మాటలును, వంగలిపిలో కొన్ని మాటలును చెక్కబడియున్నవి. ఫ్రెంచి మాటలను ఆ దారినిపోవు బాలుడైనను చదువగలడు. వంగలిపిని చదువగలవారు మాత్రము ఆ ప్రాంతమున నరుదు. గంగాతీరపు అక్షరములు అంతదూరము పోయి, ఎవరును చదువని చోట ఎవనికొఱకు నిలిచియున్నవో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ సమాధిలో నున్నవాడు ఇంద్రలాల్ రాయ్. 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీని కలకత్తాలో జన్మించి, 1918వ సంవత్సరము జూలై 22వ తేదీని కార్వాన్ పట్టణముమీది యాకాశమున పోరాడుచు మరణించెను. లెక్కించి చూచినచో పందొమ్మిది సంవత్సరముల ఏడు మాసముల ఇరువది దినముల జీవితము. మన పాఠశాలలో చివరి తరగతి ముగించి పోవు బాలునికంటె మూడు నాలుగేండ్లు మాత్రమే పెద్దవాడు. మన పాఠశాల మీదుగా విమానమేదైన పోవునపుడు తరగతిలోని బాలురందఱును కిటికీవైపు తల త్రిప్పుట మేము నిత్యము చూచుచున్నాము. నిజము చెప్పవలసినచో మేమును త్రిప్పుచునే యున్నాము. అట్టి బాలురకు ఇతని కథ తెలియవలెను. పెద్దలలో పలువురు దీనిని విని యుందురు. కాని చెప్పినవారెల్లరును తలకొక కల్పనను చేర్చి చెప్పుచుండుటచే, గట్టిగా నిలిచిన సంగతులను మాత్రము ఒకచోట కూర్చుటయు ఒక పనియే యని తలచితిమి.

రాయ్ వంశమువారు తూర్పు వంగదేశపు బరిసాలు ప్రాంతమునకు చెందిన జమీందారులు. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమున నున్నది. తండ్రి ప్యారీలాల్ రాయ్‌గారు బారిష్టరు. కలకత్తాలో ప్రభుత్వపక్షమున నేరవిచారణలను నడపు ఉన్నతోద్యోగమున నుండిరి. తల్లి లలితా రాయ్‌గారు. ఆమె తండ్రియగు డాక్టరు సూర్యకుమార్ గుడీవ్ చక్రవర్తిగారి చరిత్రయే వేఱొక వ్యాసమునకు చాలును. 1845లో కలకత్తా వైద్యకళాశాలనుండి నలుగురు విద్యార్థులు సముద్రము దాటి లండనునకు పోయి పాశ్చాత్యవైద్యము నభ్యసించిరి. ఓడ నెక్కినవానిని కులమునుండి వెలివేయు దినములవి. ఆ నలుగురిలో ఈయన యొకరు. వారిని వెంటబెట్టుకొని పోయిన గురువగు డాక్టరు గుడీవుగారి పేరును తమ పేరులో చేర్చుకొనిరి. 1855లో ఇండియన్ మెడికల్ సర్వీసునకు పోటీపరీక్ష పెట్టబడినపుడు అందు నెగ్గి ప్రవేశించిన మొదటి భారతీయులు ఈయనయే. మూసియున్న తలుపును తట్టుచు నిలుచుట ఈ కుటుంబమువారికి తాతనాటినుండి వచ్చిన యలవాటని మాకు తోచుచున్నది.

తల్లియు అట్టిదే. ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఆమె తన బిడ్డలను విద్యకొఱకు లండనునకు తీసికొనిపోయి, ఆ నగరపు పడమటి భాగమున హ్యామర్‌స్మిత్ ప్రాంతములో కాపురముండెను. భారతస్త్రీలకు విద్య నొసగుటకై ఏర్పడిన సంఘములలో పనిచేసెను. 1911వ సంవత్సరము జూన్ 17వ తేదీని, అయిదవ జార్జి చక్రవర్తి పట్టాభిషేకమునకు కొలదిదినములు ముందు, ఓటుహక్కు కోరుచు వేలకొలది స్త్రీలు లండను వీథులలో ఊరేగిరి. అందు ఏనుగు చిత్రమున్న పతాకముక్రింద నడచిన భారతస్త్రీల చిన్న గుంపులో లలితా రాయ్‌గారును నుండిరి. అప్పటికి ఇంద్రలాలునకు పండ్రెండేండ్లు. ఇంటిలో అతనిని లాడీ యని ముద్దుపేరున పిలుచువారు.

అతడు చదివిన పాఠశాల సెంట్ పాల్స్. 1509లో స్థాపింపబడి, మిల్టను మహాకవికి విద్య గఱపినదని ఖ్యాతిగాంచిన విద్యాలయమది. అచట బాలురకు చదువుతోపాటు కవాతును నేర్పుచుండిరి. 1914 ఆగస్టులో ఐరోపా మహాసంగ్రామము మొదలైనపుడు ఇంద్రలాలు పదునైదేండ్ల విద్యార్థి. అన్న పరేశ్‌లాల్ రాయ్ సామాన్యసైనికుడుగ ఫిరంగిదళ సంఘమొకదానిలో చేరి ఫ్రాన్సునకు పోయెను. తరగతిలో తమకంటె రెండుమూడేండ్లు పెద్దలైన బాలురు ఒక్కరొక్కరుగ వెడలిపోవుటయు, వారిలో కొందఱి పేర్లు మృతుల పట్టికలో వచ్చుటయు మిగిలినవారు చూచుచుండిరి. 1915 మే మాసాంతమునుండి జర్మనుల జెప్పెలిను ఓడలు లండనుపైననే రాత్రులందు బాంబులు విడువ మొదలిడెను. కావున యుద్ధమెచటనో దూరదేశమున జరుగుచున్నదని ఆ బాలునకు తోచుట కవకాశములేదు. అది అతని వీథికే వచ్చెను. ఆ దినములలో అతడు కందకములనుండి గుండ్లను విసరు చిన్న ఫిరంగి నొకదానిని స్వయముగా ఊహించి, దాని పటమును గీసి యుద్ధశాఖకు పంపెనని చెప్పుదురు.

ఇక అతడు సేనలో చేరుట యెట్లు? ఇచట మన బాలురు తెలిసికొనవలసిన సంగతి యొకటి యున్నది. ఆ యుద్ధములో భారతదేశమునుండి 13 లక్షలకు పైగా జనులు పనిచేసిరి. సుమారు 74 వేలమంది మరణించిరి. అయినను 1917 ఆగస్టువఱకు భారతీయ సైనికుడెంతటి వీరుడైనను, ఎన్ని యేండ్లు కొలిచినను, సుబేదారు మొదలగు పదవులనే యందుకొనవలెను. ఆ పదవులు రాజప్రతినిధి పేర నీయబడునవి. చక్రవర్తి పేర నీయబడు అధికారపత్రము, అనగా ఆంగ్లేయ సైనికులకును ఆజ్ఞ యీయగల పదవి, భారతీయునకు లేకుండెను. ఆ నియమమెంత విచిత్రముగ నుండెనో హర్‌దిత్ సింగ్ మాలిక్ అను పంజాబు యువకుని వృత్తాంతమువలన తెలియుచున్నది. అతడు ఆక్స్‌ఫర్డున చదివినవాడు. ఆంగ్లసేనలో తనకు చోటులేకపోవుటచే ఫ్రెంచి రెడ్‌క్రాసువారి క్షతగాత్రుల బండిని నడపుచుండెను. ఫ్రెంచివారు తమ విమానదళమున చేర్చుకొనుట కంగీకరించిరి. ఈ సంగతి అతని గురువు విమానదళాధిపతికి వ్రాసి, మిత్రదేశమువారు తీసికొనువానిని మనము త్రోసివేయుట తగునా యని యడిగిన తరువాత గాని తలుపు తెఱువబడలేదు. 1917 ఏప్రిలు తొలివారముననే మాలికును, ఇంద్రలాలును ఒకరివెంట నొకరు రాయల్ ఫ్లయింగ్ కోర్ అను విమానదళమున ప్రవేశించిరి. ఇంద్రలాలు చేరినది 4వ తేదీని.

అతనికి అడ్డువచ్చినది జాతియొక్కటియే కాదు. మొదట పరీక్షించిన వైద్యులు చూపు చాలదని త్రోసివేసిరట. అంతట ఆ బాలుడు తన మోటారుసైకిలును అమ్మి, ఆ సొమ్ముతో ఆ దేశపు గొప్ప నేత్రవైద్యు నొకని కడకు పోయి మరల పరీక్ష చేయించుకొని, చూపు సరిగనే యున్నదని నిర్ణయమును తెచ్చుకొనెనని అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. పదునెనిమిదేండ్ల బాలునకు మోటారుసైకిలెట్టి ప్రాణపదమైన వస్తువో మేము వివరింపనక్కఱలేదు.

అతడు చేరిన మాసమును గూర్చి ఒకమాట. 1917 ఏప్రిలు ఆ విమానదళ చరిత్రలో అత్యంత దారుణమైన మాసము. ఆ ముప్పది దినములలో ఆంగ్లేయులు 245 విమానములను గోలుపోయిరి. వార్తాపత్రికలు చదువు బాలుడు ఆ సంగతి ఎఱుగకుండునా? ఎఱిగియే చేరెను. జూలై 5వ తేదీని సెకండు లెఫ్టినెంటు పదవి నందెను. ఫ్రాన్సులో వాందోమ్ అనుచోట విమానము నడపుటయు, స్కాట్లండులో టర్న్‌బెర్రీ యనుచోట గురిచూచి కాల్చుటయు నేర్చుకొనెను. అక్టోబరు 30వ తేదీని యుద్ధరంగమున 56వ స్క్వాడ్రనులో చేరెను.

ఆ స్క్వాడ్రనువారి విమానము ఎస్.ఇ.5ఎ అనబడునది. కఱ్ఱచట్రముపై గుడ్డ కప్పి, గుడ్డకు బిగువుకొఱకు ద్రావకము పూసినది. ఒక్కడే కూర్చుండవలెను, నడపువాడును వాడే, పోరాడువాడును వాడే. ముందు ఒక మరతుపాకి తిరుగుచున్న పంఖా రెక్కలనడుమనుండి, రెక్కకు తగులకుండ గుండ్లను విడుచుటకు యంత్రపుటమరిక కలదు. రెండవ మరతుపాకి పైరెక్కమీద నుండును. దానిలోని 97 గుండ్లు అయిపోయినచో, చుక్కాని కఱ్ఱను మోకాళ్లనడుమ నిఱికించుకొని, రెండుచేతులతో తుపాకిని క్రిందికి లాగి, ఖాళీడబ్బాను తీసి క్రొత్తడబ్బాను తగిలింపవలెను. ఇదంతయు గంటకు నూటయిరువది మైళ్ల గాలిలో, తెఱపిగానున్న గూటిలో, పదునైదువేల అడుగుల యెత్తున, గడ్డకట్టు చలిలో, శత్రువు వెనుకనుండగా చేయవలసిన పని. ఊపిరికి ప్రాణవాయువు డబ్బాలు లేవు. గొడుగువలె విచ్చుకొని మనిషిని నేలకు దింపు పారాచూటును ఆంగ్ల వైమానికులకు యుద్ధాంతమువఱకును ఈయనేలేదు. 1918 వేసవిలో జర్మనులకు మాత్రము అవి వచ్చెను. ఒకవైపున నున్నది రెండవవైపున లేకపోవుటచే ఎన్ని ప్రాణములు పోయెనో తలచినచో ఇప్పటికిని కోపము వచ్చుచున్నది.

56వ స్క్వాడ్రను మిక్కిలి ప్రఖ్యాతమైనది. జేమ్స్ మెకడన్ వంటి మేటియోధులు అందుండిరి. ఇంద్రలాలు కాప్టను రిచర్డు మేబరీ నాయకత్వమున నున్న ఉపదళమున చేరెను. కాని అచట కీర్తి యేమియు దొరకలేదు. డిసెంబరు 6వ తేదీని అతడు నడపుచున్న విమానము నేలకూలి అతనికి గాయములు తగిలెను. పందొమ్మిదవయేడు నిండి అప్పటికి నాలుగు దినములు. అతడు మరణించెనని భావించి శవాగారమున నుంచగా, తెలివివచ్చి తలుపు తట్టెనని ఒక కథ దేశమంతట వ్యాపించియున్నది. బాలురకు ఈ కథ మిక్కిలి రుచించునని ఎఱుగుదుము. కాని దీనిని నమ్ముటకు తగిన యాధారము మాకు కానరాలేదు. అతని జీవితమునకు ఇట్టి యలంకారము అవసరమును లేదు. పదుమూడు దినములకు, డిసెంబరు 19వ తేదీని, ఆ మేబరీయే యుద్ధమున మడిసెను. గాయపడి ఇంగ్లండునకు పంపబడి యుండకున్నచో ఇంద్రలాలు గతియు ఆ శీతకాలముననే యేమైయుండెడిదో చెప్పలేము.

గాయములు మానుచుండగా అతడు బొమ్మలు గీయుచు కాలము గడపెను. విమానములు ఎక్కుట, దిగుట, ఒకదానినొకటి తరుముట, ఇవియే ఆ చిత్రములలోని విషయములు. వానిలో చాల నేటికిని భద్రముగ నున్నవి. ఫిరంగిపటము గీసిన చేయియే ఇదియు. వైద్యులు ఇక విమానము నడపుటకు తగడని తీర్మానించిరి. సామగ్రి చూచు పనిలో నుంచిరి. రెక్కలు, తైలము, మేకులు లెక్కపెట్టు ఆ యుద్యోగములో నెమ్మదిగ నుండినచో అతడు యుద్ధాంతమును చూచి తల్లియొద్దకు తిరిగి వచ్చియుండును. అందఱును గౌరవముగ తప్పించుకొనదగిన సాకు, వైద్యుల చేవ్రాలుతో సహా, అతని చేతిలోనేయుండెను. అతడు దానిని విడిపించుకొనుటకే పోరాడి, మరల పరీక్షకు నిలిచి, తగినవాడని యనిపించుకొనెను. ఈ జీవితమున మేము ఎక్కువగ మెచ్చుకొను ఘట్టము తరువాతి విజయములకంటె ఇదియే.

ఈలోపున 1918 ఏప్రిలు 1వ తేదీని రాయల్ ఫ్లయింగ్ కోర్ వేఱొక దళముతో కలిసి రాయల్ ఎయిర్ ఫోర్స్ అయ్యెను. జూన్ మాసమున ఇంద్రలాలు 40వ స్క్వాడ్రనున చేరెను. అచట అతని ఉపదళనాయకుడు జార్జి మెకెల్రాయ్ అను ఐర్లండు దేశీయుడు. నలువదేడు విమానములను గెలిచినట్లు లెక్కకెక్కిన యోధుడతడు. పాలింపబడు రెండు దేశముల బిడ్డలు, ఒకడు గురువుగను ఒకడు శిష్యుడుగను, పాలించు దేశపు విమానములలో ప్రక్కప్రక్కల నెగురుచుండిరి. గురువు చక్కగ దొరకుట యెంత మేలుచేయునో ఆ తరువాత పదుమూడు దినములు తెలుపుచున్నవి.

జూలై 6వ తేదీని ద్రోకూర్ అను గ్రామముమీద ఇంద్రలాలు మొదటి విజయమును పొందెను. 8వ తేదీని నాలుగు గంటల వ్యవధిలో మూడు విమానములను గెలిచెను. 13వ తేదీని రెండు, 15వ తేదీని రెండు, 18వ తేదీని ఒకటి, 19వ తేదీని కాన్యికూర్ మీద ఒకటి, మొత్తము పది. వీనిలో అయిదు హానోవర్ విమానములు, మూడు ఫోకర్ డి.7 రకమువి. హానోవరులో ఇద్దఱు కూర్చుందురు. చూచుటకు అది ఒంటివాని విమానమువలె చిన్నదిగ నుండుటచే మోసపోయి వెనుకనుండి దగ్గఱకుపోయిన వానిని రెండవ సైనికుడు తన తుపాకితో కాల్చివైచుచుండెను. ఫోకర్ డి.7 అన్ననో, జర్మనుల విమానములన్నిటిలోను శ్రేష్ఠమైనది. సంధిపత్రములోనే దానిని పేరుపెట్టి, ఆ రకము విమానములన్నిటిని అప్పగింపవలెనని వ్రాయించుకొనిరి. అట్టివానితో ఆ పందొమ్మిదేండ్లవాడు తలపడెను.

విజయమను మాటను అర్థముచేసికొని వాడవలెను. పదింటిలో సగము మాత్రమే పూర్తిగ నాశమైనవి. తక్కినవి అదుపుతప్పి పడిపోవుచుండగా కనబడినవి. అందఱును చావలేదు. అయినను కొందఱు చచ్చిరి. వారును ఇతనివలె తల్లులుగల పడుచువారే. ఈ లెక్కను ఆటలో వచ్చిన పరుగుల లెక్కవలె చెప్పు పుస్తకములు కొన్ని కలవు. మాకట్లు చెప్ప మనసొప్పదు.

జూలై 22వ తేదీని కార్వాన్ పట్టణముమీద జర్మనుల 29వ విమానదళమునకు చెందిన ఫోకర్ డి.7 లతో పోరు జరిగెను. ఆ పోరులో ఇంద్రలాలు విమానము శత్రువుల యధీనమందున్న నేలపై కూలెను. అతడు తిరిగి రాలేదు. శరీరము సమీపగ్రామమగు ఎస్తెవెల్ సమాధిస్థలమున చేరెను. ఆ మాసమును తలచినచో ఆశ్చర్యము కలుగును. 9వ తేదీని మెకడన్ ప్రమాదమున చనిపోయెను. 22వ తేదీని ఇంద్రలాలు. 26వ తేదీని, మెకెల్రాయ్‌కు విద్య నేర్పిన మానక్ అను మహాయోధుడు. 31వ తేదీని ఆ మెకెల్రాయ్‌యే. గురువు, శిష్యుడు, ప్రశిష్యుడు పది దినములలో పోయిరి. యుద్ధము నిలిచినది నవంబరు 11వ తేదీని; అప్పటికి నాలుగు మాసములైనను కాలేదు.

సెప్టెంబరు 21వ తేదీని ప్రభుత్వపు గెజెట్టులో అతనికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను పతకము ప్రకటింపబడెను. ఆ పతకమును ఆ సంవత్సరము జూన్ 3వ తేదీననే క్రొత్తగ నెలకొల్పిరి. దానిని పొందిన మొదటి భారతీయుడు ఇంద్రలాలు. పొందుటకు తాను లేడు. ఆ ప్రకటనలో పదుమూడు దినములలో తొమ్మిది విమానములని యున్నది. తరువాతి చరిత్రకారులు పత్రములను సరిచూచి పది యని నిర్ణయించిరి. రెండును పుస్తకములందు కనబడును గనుక చదువువారు తికమకపడనక్కఱలేదు.

ఆ యుద్ధమున విమానములు నడపిన భారతీయులలో నలుగురి పేర్లు ముఖ్యముగ వినబడును. బొంబాయి ప్రాంతపు శ్రీకృష్ణ వేలింకర్ 1918 జూన్ మాసాంతమున గాయములతో జర్మనుల చేతిలో మరణించి ఫ్రాన్సుననే సమాధిచేయబడెను. కలకత్తాకు చెందిన ఎరల్ చందర్ సేన్ శత్రువులకు చిక్కి యుద్ధాంతమువఱకు చెఱలో నుండెను. మాలికు కాలిలో గుండుతోనే బ్రతికి, స్వతంత్రభారతమునకు ఫ్రాన్సులో రాయబారియై, 1985లో కాలధర్మము నొందెను. ఏ నేలమీద తాను పోరాడెనో ఆ నేలకే తన దేశపు ప్రతినిధిగ పోవు భాగ్యము ఆ నలుగురిలో ఒక్కనికే దక్కెను.

ఇంద్రలాలు ఎవరికొఱకు చనిపోయెను? ఈ ప్రశ్న నడుగక ఈ కథను ముగించుట న్యాయము కాదు. అతడు మరణించిన తొమ్మిది మాసములలోపల, 1919 ఏప్రిలు 13వ తేదీని, ఆ ప్రభుత్వపు సేనయే జలియన్‌వాలాబాగులో నిరాయుధులైన మనవారిని కాల్చెను. కావున భారతదేశముకొఱకు చనిపోయెనని మేము చెప్పజాలము. పరుల యుద్ధములో వృథాగ చనిపోయెనని త్రోసివేయుటయు మాకిష్టములేదు. అతడు పెరిగినది లండనులో. చనిపోవుచున్నవారు అతని తోడి విద్యార్థులు. బాంబులు పడినది అతడున్న నగరముమీద. తన కెదురుగ జరుగుచున్నదానికి అతడు తన వంతు ఇచ్చెను. మఱియు, భారతీయుని చూపు చాలదనియు, నాయకత్వమునకు తగడనియు అనుచుండిన దినములలో అతడాగూటిలో కూర్చుండెను. ఆ తరువాత అట్లనుటకు కొంచెమైనను సిగ్గుపడవలసి వచ్చెను. భారతీయ వైమానికదళము 1932 అక్టోబరు 8వ తేదీని ఏర్పడినది. నేడు మన హైదరాబాదు చెంతనున్న దుండిగల్లులో విమానవిద్య నేర్చు యువకులను, యువతులను చూచి, మీ చూపు చాలదు, మీ జాతి చాలదు అని యెవరును అనరు.

ఎస్తెవెల్ గ్రామమునకు సుమారు పది మైళ్ల దూరమున నవ్‌షాపెల్ అనుచోట, సమాధియైన లేక మాయమైన 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు చెక్కిన స్మారకచిహ్నము కలదు. 1927 అక్టోబరు 7వ తేదీని దానిని తెఱచిరి. వారిలో చాలమందికి అక్షరజ్ఞానములేదు. వారి చరిత్ర వ్రాయుటకు ఎవరునులేరు. ఇంద్రలాలునకు పాఠశాలయు, కుటుంబమును, బొమ్మలపుస్తకమును నుండుటచే మేము ఈ వ్యాసమును వ్రాయగలిగితిమి. ఈ భేదమును మఱచుట తగదు.

అన్న పరేశ్‌లాలు యుద్ధమునుండి క్షేమముగ తిరిగివచ్చి, కలకత్తాలో బాలురకు ముష్టియుద్ధము నేర్పి, భారతీయ బాక్సింగునకు పితయని పేరుగాంచి, 1979లో ఎనుబదియాఱేండ్ల వయసున మరణించెను. తల్లి కుమారుని పోగొట్టుకొనిన తరువాతను మన దేశమున స్త్రీల ఓటుహక్కుకై పనిచేసెను. కలకత్తాలో భవానీపురమునందు ఇంద్రరాయ్ పేర ఒక వీథి యున్నది. జన్మించి నూఱేండ్లు నిండిన 1998 డిసెంబరులో మన తపాలాశాఖవారు అతని చిత్రముతో బిళ్లను విడుదలచేసిరి. 2019లో మరల నొకదానిని చేసిరి.

ఎస్తెవెల్‌లోని ఆ వంగాక్షరములు ఇది మహావీరుని సమాధియనియు, గౌరవింపుడు, తాకకుడనియు దారినిపోవువారిని వేడుచున్నవి. ఆ గ్రామపు వీథులలో అతడెన్నడును నడువలేదు. బ్రతికియుండగా దానిని చూచియుండినచో, మబ్బులసందున, వేలయడుగుల యెత్తునుండి, బొగ్గుగనుల నల్లని గుట్టలనడుమ కొన్ని యిండ్ల కప్పులుగా మాత్రమే చూచియుండును.